డ్రాయింగ్‌లో ఉన్న బలం కట్టడంలోకి రావాలంటే: సైట్‌లో ఏం చూడాలి, ఎప్పుడు ఆపాలి

డిజైన్ చేసే ఇంజినీరు కొన్ని విషయాలు ముందే అనుకుని లెక్క మొదలుపెడతారు. కాలమ్ నిటారుగా ఉంటుంది. కడ్డీలు బొమ్మలో చూపిన చోటే ఉంటాయి. కాంక్రీటు అనుకున్న బలానికి వస్తుంది. నేల పరీక్షలో తేలినంత భారం మోస్తుంది. కట్టడం పూర్తయ్యాకే పూర్తి బరువు దాని మీద పడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది నిజం కాదు. వాన, ఎండ, తొందర, సమయానికి రాని సరుకు, మనిషి చెయ్యి దూరని ఇరుకు, పని మధ్యలో పడే చీకటి వీటన్నిటి మధ్య ఎవరో ఒకరు నిలబడి వాటిని నిజం చేయాలి.

ఆ నిలబడే వ్యక్తి మీరైతే ఈ వ్యాసం మీ కోసమే. కాంక్రీటు భవనాలనే ఎక్కువగా దృష్టిలో పెట్టుకున్నాను. పని జరిగే వరుసలోనే వెళ్దాం.

1. డ్రాయింగ్ చెప్పని షరతులను ముందు రాసుకోండి

పని మొదలయ్యే ముందు డ్రాయింగ్‌లు ముందు పెట్టుకుని ఒక పుస్తకంలో పేజీని రెండు భాగాలు చేయండి. ఎడమవైపు డిజైన్ ఏం అనుకుంటోందో రాయండి. కుడివైపు దాన్ని మీరు దేనితో, ఏ పనికి ముందు కొలుస్తారో రాయండి. ‘స్లాబ్ మందం 150 మిల్లీమీటర్లు’ అని ఎడమవైపు ఉంటే, కుడివైపు ‘పోతకు ముందు రోజు సాయంత్రం, ప్రతి గదిలో ఐదు చోట్ల టేపుతో’ అని ఉండాలి. కుడివైపు ఖాళీగా మిగిలిన ప్రతి వరుసా మీరు అదృష్టానికి వదిలేస్తున్న విషయమే.

డిజైనర్‌ను తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘పూర్తయ్యేదాకా తనంతట తాను నిలబడలేని భాగాలు ఏవి?’ ఒకవైపే ఆధారం ఉండి బయటికి పొడుచుకొచ్చే సజ్జలు, బాల్కనీల్లాంటి కాంటిలివర్లు, పై కాలమ్‌లను మోసే బీములు, బీములు లేకుండా నేరుగా కాలమ్ మీద కూర్చునే స్లాబులు సాధారణంగా ఈ జాబితాలోకి వస్తాయి. నాలుగు వైపులా ఆధారం ఉన్న స్లాబ్‌లో ఒకచోట బలం తగ్గితే భారం పక్కకు సర్దుకునే వీలుంటుంది. కాంటిలివర్‌కు ఆ వీలు లేదు. ఉన్న సమయంలో ఎక్కువ భాగం ఇలాంటి చోట్లకే కేటాయించండి. అన్నిటినీ సమానంగా చూడాలనుకుంటే దేన్నీ సరిగా చూడలేరు.

‘డిజైన్‌లో భద్రతా గుణకాలు ఉన్నాయి కదా, కాస్త తేడా వస్తే ఏమీ కాదు’ అనే మాట సైట్‌లో తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను లెక్కలోనే చూద్దాం. కాంక్రీటు బలానికి సాధారణంగా 1.5, ఉక్కుకు 1.15 గుణకం వాడతారు. భారం అంచనాలో అనిశ్చితికి, సరుకులో సహజంగా ఉండే హెచ్చుతగ్గులకు, కొలతల్లో చిన్న తేడాలకు ఉద్దేశించిన ఏర్పాటు అది. ఒక బీములో మూడు చిన్న లోపాలు జరిగి, ఒకటి 10 శాతం, ఒకటి 15 శాతం, ఒకటి 20 శాతం బలాన్ని తగ్గించాయనుకోండి. 0.9, 0.85, 0.8 లను గుణిస్తే 0.61 వస్తుంది. ఏ ఒక్కటీ విడిగా చూస్తే భయపెట్టేది కాదు. మూడూ ఒకే బీములో కలిస్తే దాదాపు 40 శాతం పోయింది. సైట్ తేడాలు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. ఈ సంగతి మనసులో ఉంటే ‘ఈ ఒక్కసారికి’ అనడానికి నోరు రాదు.

2. పునాది గొయ్యిలోకి దిగే ముందు, దిగాక

ముందు మనుషుల సంగతి. ఒక ఘనమీటరు మట్టి 1.6 నుంచి 1.8 టన్నుల బరువు ఉంటుంది. ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయిన మనిషి ఊపిరి తీసుకోలేడు. గొయ్యి లోతు ఒకటిన్నర మీటరు దాటుతుంటే గోడలను వాలుగా కోయాలి, లేదా పలకలతో ఆధారం ఇవ్వాలి. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం ఒక మీటరు దూరంలో వేయించండి. అంచు దగ్గర లారీ నిలపనివ్వకండి. వాన పడిన మర్నాడు అంచుల వెంట బీటలు ఉన్నాయేమో మీరు స్వయంగా చూశాకే లోపలికి ఎవరైనా దిగాలి.

ఇక నేల. పరీక్ష రెండు మూడు చోట్లే చేస్తారు, పునాదులు మాత్రం అన్ని చోట్లా పడతాయి. కాబట్టి ప్రతి గొయ్యి అడుగునా కనిపిస్తున్న మట్టి నివేదికలో రాసిన మట్టేనా అని చూడటం మీ పని. రంగు మారినా, చెత్తో పాత పూడికో కనిపించినా, ఒక మూలలో మడమ దిగబడుతున్నా డిజైనర్‌కు ఫోను చేయండి. ‘ఇంకో అడుగు తవ్వేద్దాం’ అని అక్కడికక్కడే నిర్ణయించకండి. ఒక పునాది లోతు మారితే పక్క పునాది మీదా ప్రభావం ఉంటుంది.

గట్టి నేల కూడా ఒక్క వానకు పై పొర మెత్తబడి బలం కోల్పోతుంది. అందుకే చివరి 150 మిల్లీమీటర్లు తవ్వకుండా ఉంచి, బెడ్ కాంక్రీటు వేసే రోజే తవ్వించండి. నీళ్లు నిలిస్తే తోడేయడంతో సరిపోదు. బురదైన పొరను గట్టి నేల తగిలేదాకా తీసేసి, ఆ లోతును మట్టితో కాకుండా కాంక్రీటుతో నింపాలి.

3. సెంట్రింగ్‌ను తాత్కాలికమని తేలిగ్గా తీసుకోకండి

స్లాబ్ పోసే నాలుగైదు గంటల పాటు ఆ అంతస్తు బరువంతా సెంట్రింగ్ మీదే, అంటే పచ్చి కాంక్రీటును పట్టే పలకలు, వాటి కింది ఆధారాల మీదే ఉంటుంది. నిర్మాణ సమయంలో జరిగే పెద్ద ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే. అయినా చాలాచోట్ల దీనికి డ్రాయింగే ఉండదు, అలవాటు మీద కట్టేస్తారు.

ఒక చిన్న లెక్క వేసుకోండి. 150 మిల్లీమీటర్ల స్లాబ్ చదరపు మీటరుకు దాదాపు 375 కిలోలు. పలకలు, కడ్డీలు, మనుషులు, యంత్రాలు కలిపితే 550 నుంచి 600 కిలోల దాకా వెళ్తుంది. పలకలను కింది నుంచి మోసే నిలువు స్తంభాలు, అంటే ప్రాప్‌లు, రెండు దిశలా మీటరుకు ఒకటి చొప్పున ఉంటే ఒక్కొక్కటి దాదాపు 600 కిలోలు మోయాలి. పంపు గొట్టం ఒకేచోట నిలిపి అర మీటరు ఎత్తున కుప్ప పోస్తే, ఆ కుప్ప కింద చదరపు మీటరుకు దాదాపు 1,250 కిలోలు పడుతుంది. గొట్టం పట్టుకునే మనిషికి ఈ సంగతి ముందే చెప్పండి.

ఇప్పుడు ప్రతి ప్రాప్ దగ్గరికీ వెళ్లండి. దూరం నుంచి వరుసలు చక్కగానే కనిపిస్తాయి. లోపాలన్నీ దగ్గరికి వెళ్తేనే బయటపడతాయి. పాదం కింద ఏముంది? మట్టి మీద నేరుగా నిలిపితే, పోత మధ్యలో కారే నీటికి అది దిగబడుతుంది. వెడల్పాటి చెక్క పలక ఉండాలి. రెండు మూడు ఇటుకలు పేర్చి ఎత్తు సరిచేసినవి కనిపిస్తే తీయించేయండి. ప్రాప్‌కు తూకం గుండు పట్టి చూడండి. ఎత్తు సరిచేసే పిన్ను కంపెనీ ఇచ్చినదా, లేక కడ్డీ ముక్కా? కడ్డీ ముక్క భారానికి వంగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం అడ్డంగా కట్టే బ్రేసింగ్. సన్నటి స్తంభం నలిగి విరిగేకంటే ముందు పక్కకు వంగి పడిపోతుంది. ఆధారం లేని ఎత్తు రెట్టింపైతే, వంగకుండా నిలిచే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మధ్యలో రెండు దిశలా అడ్డ పైపులు, వాటికి తోడు ఐమూలగా కొన్ని పైపులు బిగించాలి. మనిషి అటూ ఇటూ నడవడానికి అడ్డమని మధ్య పైపులు విప్పేయడం నేను చాలా సైట్లలో చూశాను. పోతకు ముందు చివరి తనిఖీలో అవి ఉన్నాయో లేదో వెతికి మరీ చూడండి.

కాలమ్ పెట్టెల విషయంలో సమస్య వేరు. పచ్చి కాంక్రీటు నీటిలాగే పక్కలకు నెడుతుంది. 3 మీటర్ల కాలమ్‌ను ఒక్క బిగిన నింపేస్తే అడుగున చదరపు మీటరుకు 7 టన్నులకు పైగా ఒత్తిడి వస్తుంది. అడుగున పట్టీలు దగ్గర దగ్గరగా ఉండాలి, పోత నెమ్మదిగా సాగాలి.

కాలమ్ నిటారుగా ఉందో లేదో పోతకు ముందూ చూడండి, పోసిన వెంటనే కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానూ చూడండి. చాలా కోడ్‌లు డిజైన్‌లోనే భారం కాలమ్ మధ్యగీత నుంచి కనీసం 20 మిల్లీమీటర్లు పక్కకు తప్పుతుందని లెక్కలోకి తీసుకుంటాయి. అది దాటితే కాలమ్‌ను వంచే అదనపు ప్రభావం, అంటే వంపు, డిజైన్‌లో లేనిది. 60 టన్నులు మోసే కాలమ్ 40 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 2.4 టన్ను-మీటర్ల వంపు పుడుతుంది. తర్వాత ప్లాస్టరింగ్‌తో ఆ వంకర కనిపించకుండా చేయవచ్చు, వంపును మాత్రం తీసేయలేం.

4. కడ్డీ ఎంత ఉందన్నదే కాదు, ఏ ఎత్తులో ఉందన్నదీ కొలవండి

కడ్డీల లెక్క అందరూ చూస్తారు. వాటి ఎత్తు కొలిచేవారు తక్కువ.

బాల్కనీ స్లాబ్ తీసుకోండి. మందం 125 మిల్లీమీటర్లు, పైన కవర్ (కడ్డీని కప్పే కాంక్రీటు పొర) 20, కడ్డీ 10 మిల్లీమీటర్లు. కాంటిలివర్‌లో లాగుడు పైన ఉంటుంది కాబట్టి ప్రధాన కడ్డీ పైనే ఉండాలి. కడ్డీ మధ్య నుంచి స్లాబ్ అడుగు దాకా 100 మిల్లీమీటర్లు. బాల్కనీ మోసే శక్తి ఈ 100 మీదే ఆధారపడి ఉంటుంది. పోత రోజున తట్టలు మోసేవాళ్లు, వైబ్రేటర్ పట్టుకున్న మనిషి ఆ కడ్డీల మీద నడుస్తారు. కడ్డీ 40 మిల్లీమీటర్లు కిందికి కుంగితే 100 కాస్తా 60 అవుతుంది. ఇనుము ఒక్క గ్రాము తగ్గలేదు, కాంక్రీటు మేలైనదే, అయినా బలం 40 శాతం పోయింది. పైకి ఏమీ కనిపించదు, ప్రాప్‌లు తీసేదాకా తెలియదు. కొన్నిసార్లు బాల్కనీలో పదిమంది ఒకేసారి నిలబడేదాకా తెలియదు.

దీనికి మందు చవక. పై కడ్డీలను మోసే కుర్చీలు మీటరుకు ఒకటి చొప్పున రెండు దిశలా పెట్టించండి, సన్నకడ్డీలైతే ఇంకా దగ్గరగా. నడవడానికి కడ్డీలకు తగలకుండా పలకలు వేయించండి. పోత నడుస్తున్నంతసేపూ ఒక మనిషి బాల్కనీల దగ్గరే ఉండి, కుంగిన కడ్డీని కొక్కెంతో లేపే పని మాత్రమే చేయాలి. పని చూసే ఇంజినీరు కూడా ఆ రోజు ఎక్కువసేపు అక్కడే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

కవర్ బ్లాకుల బదులు రాళ్ల ముక్కలు, చెక్క ముక్కలు పెట్టనివ్వకండి. కవర్ తగ్గితే తేమ త్వరగా చేరి కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు లోపలి నుంచే పగిలి ఊడిపోతుంది. మంటలు వచ్చినప్పుడు కడ్డీకి రక్షణ కూడా ఈ కవరే.

బీము, కాలమ్ కలిసే చోట టార్చి వేసి చూడండి. అక్కడ రింగులు (నిలువు కడ్డీలను చుట్టి పట్టే సన్న కడ్డీలు) కట్టడం కష్టం కాబట్టి వదిలేస్తుంటారు. భూకంపం వచ్చినప్పుడు మొదట దెబ్బ తగిలేది ఆ ముడికే. రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంగి ఉండాలి. 90 డిగ్రీలకు వంచినవి కవర్ ఊడిన వెంటనే తెరుచుకుంటాయి. కడ్డీల అతుకులన్నీ ఒకే వరుసలో ఉంటే విప్పి మార్పించండి.

ఇదే చోట కడ్డీలు మరీ ఇరుకుగా ఉండి కంకర దూరకపోతే పోత రోజున ఏం చేయాలా అని ఆలోచించడం వృథా. కంకర పరిమాణం తగ్గించాలా, కడ్డీల అమరిక మార్చాలా అన్నది డిజైనర్‌తో వారం ముందే తేల్చుకోవాలి.

5. నీళ్ల లెక్క మీ చేతిలో ఉంచుకోండి

నీరు, సిమెంటు నిష్పత్తి పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని డఫ్ అబ్రామ్స్ 1918లోనే చూపించారు. సిమెంటు గట్టిపడటానికి కావలసిన దానికన్నా ఎక్కువైన నీరు ఆరిపోయాక దాని చోట సన్నటి ఖాళీలు మిగులుతాయి. ఇది ఇంజినీర్లందరికీ తెలిసిన పాఠమే. సైట్‌లో అది ఎలా తప్పుతుందో చూడండి.

50 కిలోల బస్తాకు 0.5 నిష్పత్తి అంటే 25 లీటర్లు. ఆ బస్తాకు వేసే ఇసుక 80 కిలోలు, అందులో తేమ 5 శాతం అనుకుందాం. అంటే ఇసుకలోనే 4 లీటర్లు ఉన్నాయి. డబ్బాతో కొలిచి 25 పోస్తే మొత్తం 29, నిష్పత్తి 0.58. మాల్ (కలిపిన పచ్చి కాంక్రీటు) గట్టిగా ఉందని, పారతో లాగడం కష్టమని ఇంకో 5 లీటర్లు పోస్తే 34, నిష్పత్తి 0.68. బలం మూడో వంతు దాకా పోవచ్చు. ఎవరూ మోసం చేయలేదు, సిమెంటు ఒక్క గరిటె తగ్గలేదు.

వాన పడిన రోజు, కొత్త ఇసుక వచ్చిన రోజు ఈ లెక్క మళ్లీ వేయాలి. గుప్పెడు ఇసుక తూచి, పెనం మీద ఎండబెట్టి మళ్లీ తూస్తే తేమ ఎంతో తెలుస్తుంది. తడి ఇసుక పొంగుతుంది కూడా. పాతిక శాతం పైగా ఎక్కువ చోటు ఆక్రమించవచ్చు. పెట్టెతో కొలిచే చోట అప్పుడు ఇసుక తక్కువ పడుతుంది. వీలైతే తూకంతోనే వేయించండి.

మేస్త్రీ నీళ్లు అడుగుతున్నాడంటే అతనికి నిజంగానే ఇబ్బంది ఉంది. ఆ మాల్ ఇరుకైన కడ్డీల మధ్య దిగడం లేదు. ‘కుదరదు’ అని వచ్చేస్తే మీరు వెనుదిరగగానే నీళ్లు పడతాయి. దానికి పరిష్కారం నీరు పెంచకుండా మాల్‌ను జారేలా చేసే ప్లాస్టిసైజర్. అది ముందే తెప్పించి, మోతాదు ముందే పరీక్షించి ఉంచాలి.

శంకువు తీశాక పచ్చి కాంక్రీటు ఎంత కుంగుతుందో కొలిచే స్లంప్ పరీక్ష ప్రతి ట్రక్కుకూ చేయించండి. 300 మిల్లీమీటర్ల శంకువు, మూడు పొరలు, పొరకు 25 పోట్లు, కొద్ది నిమిషాల్లో ఐపోతుంది. అన్ని ట్రక్కులూ 100 మిల్లీమీటర్లు చూపిస్తూ ఒకటి 170 చూపిస్తే దారిలో నీళ్లు కలిశాయేమోనని అనుమానించండి. కారణం తేలేదాకా ఆ ట్రక్కును పోయనివ్వకండి.

6. పోత రోజు

మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. మధ్యలో మిక్సర్ లేదా పంపు ఆగిపోతే ఎక్కడ ఆపుతాం? వాన వస్తే కప్పడానికి పట్టాలు పైనే ఉన్నాయా? రెండో వైబ్రేటర్ పనిచేస్తోందా? ఆపే చోటు ముందే డిజైనర్‌తో నిర్ణయించుకోకపోతే, కూలీలు అలసిన చోట ఆగుతుంది.

ఎండ, గాలి ఎక్కువగా ఉంటే పని సాయంత్రానికి మార్చండి. పైపొర నీరు అడుగు నుంచి పైకి చేరే వేగం కన్నా త్వరగా ఆరిపోతే, కాంక్రీటు గట్టిపడకముందే బీటలు పడతాయి. వైబ్రేటర్‌ను నిలువుగా దించి, బుడగలు ఆగాక మెల్లగా తీయాలి. దానితో మాల్‌ను పక్కకు నెట్టకూడదు.

పోత జరుగుతున్నంతసేపూ ఒక అనుభవజ్ఞుడైన సెంట్రింగ్ మనిషి ఒక సురక్షితమైన చోట నిలబడి ప్రాప్‌లను గమనిస్తుండాలి. మిగతా ఎవరూ స్లాబ్ కింద ఉండకూడదు. ఆయన చెయ్యి ఎత్తితే పైన పోత ఆగాలి. ఈ ఏర్పాటు పైన ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

7. మార్పు ఎంత చిన్నదైనా కాగితం మీదికి రావాలి

1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. అసలు డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ దిగి, నాలుగో అంతస్తు వంతెననూ దాని కిందనున్న రెండో అంతస్తు వంతెననూ మోయాలి. అంత పొడవాటి కడ్డీకి మర వేసి, దాన్ని అమర్చడం కష్టమని ఆ కడ్డీని రెండు చేశారు. పై వంతెన పైకప్పుకు వేలాడింది, కింది వంతెన పై వంతెన బీముకు వేలాడింది. బొమ్మలో చూస్తే కొద్ది అంగుళాల తేడా. కానీ పై వంతెన బీము కింద ఉన్న నట్టు ఇప్పుడు రెండు వంతెనల బరువూ మోయాల్సి వచ్చింది. అసలు డిజైన్ కూడా స్థానిక కోడ్ అడిగిన బలంలో 60 శాతమే మోయగలిగేదని తర్వాతి దర్యాప్తులో తేలింది. అంటే, మార్పు వచ్చిన రోజున ఎవరైనా మళ్లీ లెక్క వేసి ఉంటే రెండు తప్పులూ ఒకేసారి బయటపడేవి.

మీ సైట్‌లో మార్పు ఇంత నాటకీయంగా రాదు. ‘16 మిల్లీమీటర్ల కడ్డీ రాలేదు, 12 వేద్దాం, ఇనుము అంతే పడుతుంది కదా’ అని వస్తుంది. చూద్దాం. నాలుగు 16 కడ్డీల వైశాల్యం 804 చదరపు మిల్లీమీటర్లు. 12 కడ్డీది 113 కాబట్టి ఎనిమిది కావాలి. బీము వెడల్పు 230. రెండు వైపులా కవర్ 25, రింగు 8 తీసేస్తే లోపల మిగిలేది 164. ఎనిమిది కడ్డీలకు 96, మధ్యలో ఏడు ఖాళీలు 25 చొప్పున 175, మొత్తం 271. పట్టవు. రెండు వరుసలు చేయాలి. అప్పుడు రెండో వరుస పైకి జరుగుతుంది, పనిచేసే లోతు తగ్గుతుంది, ‘అంతే ఇనుము’ అంతే బలం ఇవ్వదు. పట్టదని గుర్తించకుండా ఒకే వరుసలో కుక్కితే కంకర దిగక అడుగున తేనెపట్టులా బోలు మిగులుతుంది.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి. కడ్డీ సైజు, అతుకు చోటు, పైపు కోసం బీములో రంధ్రం, గోడ ఉన్న స్థానం, ఫ్లోరింగ్ మందం, వీటిలో ఏది మారినా డిజైనర్‌కు బొమ్మతో సహా పంపాలి, జవాబు రాతలో రావాలి. అది వచ్చేదాకా ఆ చోట పని ఆగాలి, మిగతా చోట్ల సాగవచ్చు. ఫోనులో ‘సరే’ అన్నది చాలదు. హడావిడిలో ఆయన విన్నదేమిటో, మీరు చెప్పిందేమిటో తర్వాత ఇద్దరికీ గుర్తుండదు.

8. కాంక్రీటుకు కావలసిన రోజులు ఇవ్వండి

1978 ఏప్రిల్ 27న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలాండ్‌లో కూలింగ్ టవర్ కడుతుండగా 51 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ మనుషులు నిలబడే వేదికలు టవర్ గోడకే బిగించి ఉన్నాయి. ముందు రోజు పోసిన కాంక్రీటుకు చల్లటి వాతావరణంలో మోయడానికి కావలసిన బలం ఇంకా రాలేదు. అంతకు ఐదేళ్ల ముందు, 1973 మార్చి 2న వర్జీనియాలో స్కైలైన్ ప్లాజా భవనం కడుతుండగా పై అంతస్తుల్లో ప్రాప్‌లు తొందరగా తీశారు. పచ్చి స్లాబ్‌ను కాలమ్‌లు పొడుచుకుని పైకి వచ్చాయి, పైవి కిందివాటి మీద పడుతూ నేల దాకా కూలింది. 14 మంది చనిపోయారు.

క్యాలెండర్‌లో రోజులు గడిచినంత మాత్రాన కాంక్రీటుకు బలం రాదు, ఉష్ణోగ్రత, తేమ కూడా అనుకూలించాలి. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పే కనీస గడువులు ఇవి: 4.5 మీటర్ల లోపు స్లాబుల ప్రాప్‌లకు 7 రోజులు, అంతకు మించితే 14. 6 మీటర్ల లోపు బీములకు 14, మించితే 21. బూడిద కలిసిన సిమెంటైనా, చలికాలమైనా గడువు పెంచండి. ట్యాంకు నీటిలో ఊరిన క్యూబ్ (బలం పరీక్షకు అదే కాంక్రీటుతో పోసిన దిమ్మ) ఫలితం చూసి ప్రాప్ తీయకండి. అది స్లాబ్ పడిన ఎండనూ చలినీ చూడలేదు. రెండు మూడు క్యూబులను స్లాబ్ పక్కనే అదే పరిస్థితిలో ఉంచి, వాటిని పరీక్షించి తీయండి.

క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం, సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన వాటికి 10, ఎండ తీవ్రంగా ఉంటే రెండు వారాలు. పూటకోసారి చల్లి వదిలితే మధ్యలో ఆరిపోతుంది. గోనెపట్టాలు కప్పి తడి ఆరకుండా చూడండి. కాలమ్‌లను ఎక్కువగా మరచిపోతారు.

పై అంతస్తు పోసేటప్పుడు దాని బరువు కింది స్లాబ్ మీదికే వస్తుంది. ఇళ్ల స్లాబులు సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక భారానికి డిజైన్ చేస్తారు. పై నుంచి వచ్చేది 600. ఒక్క స్లాబ్ దాన్ని మోయలేదు కాబట్టి కనీసం రెండు అంతస్తుల కింద ప్రాప్‌లు ఉండాలి, పైవాటికి నేరుగా కిందే ఉండాలి. ఇంకో ప్రమాదం సరుకు నిల్వ. పది సిమెంటు బస్తాలు ఒకదానిపై ఒకటి పేరిస్తే, ఆ కొద్ది చోటులో చదరపు మీటరుకు దాదాపు 1,600 కిలోలు పడుతుంది. మీటరు ఎత్తు ఇటుకల దొంతర కూడా అంతే. కొత్త స్లాబ్ మీద వీటిని పరిచినట్టుగా, బీముల దగ్గర, తక్కువ ఎత్తున పెట్టించండి. బాల్కనీ మీద అసలు వద్దు.

ప్రాప్‌లు తీసే వరుస కూడా ముఖ్యమే. మామూలు స్లాబ్‌కు మధ్య నుంచి ఆధారాల వైపు, బాల్కనీకి బయటి కొన నుంచి గోడ వైపు తీయాలి. తిరగేస్తే లోపలి కడ్డీ లేని వైపు లాగుడు పడుతుంది.

9. పగులు కనిపించినప్పుడు

మొదట ఫోటో తీయండి, స్కేలు పక్కన పెట్టి. పగులు రెండు కొసల దగ్గర గీత గీసి తేదీ, సమయం రాయండి. మధ్యలో రెండు చోట్ల వెడల్పు కొలిచి అక్కడే రాయండి. మర్నాడు అదే సమయానికి మళ్లీ కొలవండి. పైపొర మీద వలలా సన్నగా ఉన్నవి చాలావరకు ఆరిపోవడం వల్ల వచ్చేవి. ఆధారం దగ్గర ఏటవాలుగా వచ్చినవి, కాలమ్ చుట్టూ స్లాబ్‌లో గుండ్రంగా వచ్చినవి, బాల్కనీ మొదట్లో పైన గోడ వెంట వచ్చినవి, గంటగంటకూ పెరుగుతున్నవి వేరు. వీటి విషయంలో మర్నాటి దాకా ఆగకండి.

2018 మార్చి 15న ఫ్లోరిడాలో విశ్వవిద్యాలయం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కింద వాహనాలు ఉండగానే కూలి ఆరుగురు చనిపోయారు. దాని మీద పగుళ్లు చాలా రోజులుగా కనిపిస్తున్నాయి. అవి ఆమోదించదగిన పరిమాణం కన్నా 40 రెట్లు పెద్దవని దర్యాప్తులో రాశారు. ఆ ఉదయమే వాటి గురించి సమావేశం కూడా జరిగింది. రోడ్డు మాత్రం మూయలేదు. పైన ఉక్కు కడ్డీలను మళ్లీ బిగించే పని సాగుతుండగానే కూలింది.

అందుకే ఈ వరుస తారుమారు కానివ్వకండి: ముందు కిందా పైనా మనుషులను ఖాళీ చేయించండి, పక్క దారి ఉంటే అదీ మూయించండి. తర్వాత పైన ఉన్న కదిలే బరువును ఆపండి. కొత్తగా ఏమీ బిగించకండి, ఉన్న ప్రాప్‌ను తీయకండి, పగులులో సిమెంటు పూయకండి. అది పెరుగుతోందో లేదో చెప్పే ఆధారం పూతతో పోతుంది. అదనపు ప్రాప్‌లు పెట్టాలన్నా, డిజైనర్ చెప్పిన చోటే, బయటి నుంచి లోపలికి వస్తూ, బయటపడే దారి వెనక ఉంచుకుని పెట్టించండి. డిజైనర్ స్వయంగా వచ్చి చూసి, ఏ కారణంతో సురక్షితమో రాసి సంతకం చేసేదాకా ఆ స్లాబ్ కింద ఎవరూ అడుగుపెట్టకూడదు. కాపలాకు ఒక మనిషిని పెట్టండి. రాత్రి పూట కూలీలు నిద్రపోవడానికి ఎంచుకునేది సాధారణంగా ఆ నీడపట్టు చోటునే.